కప్పస్తంభం దగ్గర చెవిన పడిన మాట

కలకత్తా నుంచి చుట్టాలొస్తే విశాఖపట్నంలో ఏం చూపించాలని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. బీచికి ఎవరైనా తీసుకెళ్తారు. నేను మాత్రం సింహాచలమే చెబుతాను. పాత ఊళ్ళో పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికి వచ్చేయొచ్చు. జ్యేష్ఠమాసం చివర్లో మా కోడలినీ, వాళ్ళ మాసినీ నేనలాగే తీసుకెళ్ళాను. మాసి అంటే బెంగాలీలో తల్లికి తోబుట్టువు, మనకి పిన్నిలాగ. అక్క కూతుర్ని చూడటానికి వచ్చి నాలుగు రోజులుంది. మర్నాడు సాయంత్రం రైలెక్కాలి. మీ దేవుణ్ణి చూడకుండా వెళ్ళనని పట్టుబట్టింది. అలా మొదలైంది ప్రయాణం. నాకు మాత్రం ఇంకో కారణం ఉంది. కొండ మీద గుళ్ళో కప్పస్తంభం అని ఒక స్తంభం ఉంది. దాన్ని రెండు చేతులా కౌగిలించుకుని మనసులోది చెప్పుకుంటే స్వామి తీరుస్తాడని మా వైపు నమ్మకం. నేనొక కోరిక మూటగట్టుకుని బయలుదేరాను.

ఆ కోరిక చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మావారు పోర్టులో పనిచేసేవారు, పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కడే కొడుకు, సత్యం. సరుకుల ఓడలో ఇంజను గదిలో పని. ఓడ మరమ్మతుకని కలకత్తా రేవులో చాలాకాలం ఆగినప్పుడు అక్కడి పిల్ల శ్యామలిని ఇష్టపడ్డాడు. కిందటి శ్రావణంలో పెళ్ళయింది. పిల్లని తీసుకొచ్చి నా దగ్గర దింపి, నెల తిరక్కుండా మళ్ళీ ఓడెక్కాడు. ఒకే వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళం మిగిలాం. ఆ పిల్లకి తెలుగు ఒక్క ముక్క రాదు. నాకు తెలుగు తప్ప, హైస్కూల్లో బట్టీ పట్టిన నాలుగు ఇంగ్లీషు పద్యాలు తప్ప మరేమీ రావు. మొదట్లో ఏదైనా చెప్పుకోవాలంటే ఎదురింటి ఫాతిమాబీని పిలిచేదాన్ని. నేను తెలుగులో అంటే ఆవిడ ఉర్దూలో అనేది. శ్యామలి తనకొచ్చిన కొద్దిపాటి హిందీతో జవాబిచ్చేది. అన్నంలోకి చారు కావాలా పప్పు కావాలా అన్న సంగతి కూడా మా గుమ్మం దాటి వెళ్ళి తిరిగి రావాల్సి వచ్చేది.

అప్పుడే బెంగాలీ నేర్చుకుందామని అనుకున్నాను. కోడలు మన మాట నేర్చుకోవాలి గాని అత్తగారు నేర్చుకోవటమేమిటని పుట్టింట్లో, పద్మనాభంలో, మా అన్నదమ్ములు నవ్వారు. తల్లినీ, ఊరినీ, వాకిలినీ వదిలి వచ్చిన పిల్ల, మాట ఒక్కటైనా వదలకుండా ఉండనీ అని నాకనిపించింది. కూరగాయలతో మొదలుపెట్టాను. తర్వాత చేపలు. ఆ తర్వాత తిన్నావా, నిద్ర పట్టిందా, వాన వస్తోంది, దండెం మీద బట్టలు తియ్యి. పోర్టులో ఓర్, అంటే ఇనప ఖనిజం, దించేటప్పుడు ఎర్రధూళి లేచి మా వీధిలో ఆరేసిన బట్టలన్నీ పాడవుతాయి. అందుకని ఆ ఆఖరి మాట నాకు తొందరగా వచ్చింది. శ్యామలి నాకోసం ఒక్కొక్క మాటా విడదీసి, చంటిపిల్లకి ముద్ద కలిపి పెట్టినట్టు మెల్లగా చెప్పేది. నేనేం అడిగినా చివరికి "భాలో" అనేది. బాగుంది అని. ఒంట్లో ఎలా ఉంది? భాలో. కూర ఎలా ఉంది? భాలో. ఇల్లు గుర్తొస్తోందా? కొంగు సవరించుకుని, నవ్వి, భాలో.

భాష వచ్చిందని మనకెలా తెలుస్తుందని ఒకరోజు ఫాతిమాబీని అడిగాను. ఆవిడ బియ్యం ఏరుకుంటూ, "ఎవులైనా ఆ బాసలో తిడితే నీకు రోషం రావాల వదినా. అప్పుడు వచ్చీసినట్టే" అంది.

"మా శ్యామలి తిట్టదే!"

"అయితే నీకు బెంగాలీ రాదు, పో. ఈ మద్దె నన్ను పిలవటం మానేసినావ్. నాతో పని తీరిపోనాదేటి?" అని చేటతో నన్ను తోసింది.

శ్యామలి పెళ్ళయ్యాక వస్తున్న మొదటి ఆషాఢం ఇది. ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింటికి వెళ్ళాలి, అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదని మన ఆచారం. కొడుకు ఎక్కడో సముద్రం మీద ఉన్నాడు, ఇంక ఈ పట్టింపు ఎందుకులే అని వీధిలో అందరూ అన్నారు. నాకూ ఆ మాటే బాగుంది. ఇంతలో మాసి వచ్చింది. తనతో కలకత్తా వచ్చి, ఓడ తిరిగొచ్చేదాకా అక్కడే ఉండమని పిల్లకి చెబుతోందని వంటింట్లో వినబడిన నాలుగు మాటల్ని బట్టి ఊహించాను. సత్యం ఆర్నెల్లకి గాని రాడు. శ్యామలి ఏం చెప్పిందో నాకు అర్థం కాలేదు. ఈ పిల్ల నా దగ్గరే ఉండాలి స్వామీ, అన్నదే నేను మూటగట్టుకున్న కోరిక.

పాత పోస్టాఫీసు దగ్గర ఆరున్నరకల్లా నిలబడితే సింహాచలం బస్సులో కిటికీ పక్క సీటు దొరుకుతుంది. ఏడు దాటితే షిఫ్టులకెళ్ళే వాళ్ళతో కాలు పెట్టే చోటుండదు. టిక్కెట్టు మనిషికి రూపాయికి కాస్త అటూ ఇటూ. వాళ్ళిద్దరూ నా ముందు సీట్లో కూర్చున్నారు. మాసి పెద్ద మనిషి, నోట్లో ఎప్పుడూ పాన్ ఉంటుంది, మాటకి ముందు నవ్వుతుంది. మా ఇంటి కారం తిన్నప్పటి నుంచి నన్ను ఆటపట్టిస్తూనే ఉంది. కంచరపాలెం దాటేదాకా ఇద్దరూ గబగబా మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. ఎండ, రైలు, అమ్మ అనే 'మా', చేప. వాన చినుకుల్లాగ అక్కడొకటి ఇక్కడొకటి పడుతున్నాయి. నేల తడవటం లేదు. ఇన్నాళ్ళు నేర్చుకున్నది ఇంతేనా అని దిగులేసింది. ఎన్.ఏ.డి. జంక్షన్లో నెత్తిన ఇనప టోపీలు పెట్టుకున్న స్టీల్‌ప్లాంటు కూలీలు బిలబిలా దిగి గాజువాక బస్సుల వైపు పరిగెత్తారు. కండక్టరు వాళ్ళ వెనకే అరుస్తున్నాడు. "ఒరే బావా, సిల్లర ఒగ్గీసి ఎల్లిపోతన్నావ్! నా మీద దయ వచ్చినాదేటి?" బస్సంతా నవ్వింది. మాసి వెనక్కి తిరిగి ఏమన్నాడని కళ్ళతో అడిగింది. చెప్పబోయాను. మాటలు కూడలేదు.

కొండ దిగువన దిగి, దేవస్థానం బస్సులో పైకి వెళ్ళొచ్చు. మెట్లెక్కే ఓపిక ఉన్నవాళ్ళకి మెట్లదారి ఉంది. మాసి మోకాళ్ళ కోసం మేం బస్సే ఎక్కాం. మామూలు రోజు కావటంతో రద్దీ లేదు, ఎనిమిదిన్నరకి గుళ్ళో ఉన్నాం. పసుపూ, పువ్వులూ, సంపెంగల వాసన. స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడని, నిజరూపం వైశాఖంలో ఒక్కరోజే కనబడుతుందని మాసికి నా బెంగాలీలో, మిగతాది చేతుల్తో చెప్పాను. ఆవిడ గర్భగుడి వైపు చూసి, శ్యామలి వైపు తిరిగి ఏదో అంది. శ్యామలి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఒక్కొక్క మాటా కూడబలుక్కున్నాను. ఏడాదికి ఒక్కసారే మొహం చూపిస్తాడా, అయితే అచ్చం మా అల్లుడే అంది. నాకు నవ్వొచ్చేసరికి వాళ్ళ నవ్వు అయిపోయింది. ఒక్కదాన్నే నవ్వుకుంటూ ముందుకి నడిచాను.

దర్శనమయ్యాక కప్పస్తంభం దగ్గరికి వచ్చాం. వరసలో పదిమంది ఉన్నారేమో. ఎలా కౌగిలించుకోవాలో, నుదురు ఎక్కడ ఆనించాలో శ్యామలికి చేసి చూపించాను. "నీ మాటల్లోనే అడుగు. స్వామికి అన్నీ తెలుసు" అన్నాను. ఆ పిల్ల తలూపింది. ముందు మాసి వెళ్ళి, మోకాళ్ళు బాగుండాలని కాబోలు, మోకాలు తట్టుకుని మరీ మొక్కి పక్కకి తప్పుకుంది. తర్వాత శ్యామలి. వెనకే నేను, తన పూలసజ్జ పట్టుకుని, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా నిలబడ్డాను.

గబగబా అంటే తన మాట ఇక్కడ ఎవరికీ అందదన్న ధైర్యం కాబోలు, పెదవులు కదిలించి ఊరుకోకుండా పైకే అంది. "తండ్రీ, నన్నొక్కసారి మా అమ్మ దగ్గరికి పంపు. ఇక్కడందరూ మంచివాళ్ళే. ఈవిడ చాలా మంచిది. కాని పొద్దున్నుంచి రాత్రిదాకా నేను చిన్న చిన్న మాటలే మాట్లాడుతున్నాను. తిన్నావా, పడుకున్నావా, వానొస్తోంది. నా పెద్ద మాటలన్నీ లోపలే ఉండిపోయాయి. ఇలాగే ఉంటే నేనెలా మాట్లాడేదాన్నో నేనే మర్చిపోతాను. వదిలి వెళ్తానని ఈవిడకి నేను చెప్పలేను. నువ్వే ఏదో ఒకటి చెయ్యి." అని నుదురు స్తంభానికి గట్టిగా ఆనించి పక్కకి తప్పుకుంది.

తర్వాత నా వంతు. స్తంభాన్ని పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఈ పిల్ల నా దగ్గరే ఉండాలి అని రోజూ దీపం ముందు అనుకున్న మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అదే స్తంభం. ఆ పిల్ల నుదుటి తడి ఇంకా ఆరలేదు. రెండు కోరికలూ ఒకదాని మీద ఒకటి వేస్తే స్వామి మాత్రం ఏం చేస్తాడు? వెనక నుంచి ఎవరో, "బేగి కానీయండమ్మా" అన్నారు. ఆ పిల్ల అడిగింది ఇవ్వు తండ్రీ అని చెప్పి వచ్చేశాను.

దిగేటప్పుడు మెట్లదారినే నడవండి. దిగటానికి కష్టం ఉండదు, చెట్లనీడ ఉంటుంది, దారిలో గంగధార నీళ్ళు కాళ్ళ మీద పోసుకోవచ్చు. మాసి కూడా దిగటమే కదా అని ఒప్పుకుంది. సగం దిగాక ఒకావిడ అనాసపళ్ళు కోసి అమ్ముతోంది. ఈ కొండ మీద కాసినవే, చిన్నగా ఉంటాయి గాని వాసన వీధి చివరికి వస్తుంది.

"రాండమ్మా, బెల్లంలాగుంటాది. తిని సూడండి, బాలేకపోతే డబ్బులియ్యకండి" అంది.

మాసి ముక్క చేతిలోకి తీసుకుని ఏదో పెద్దగా అంటోంది. పళ్ళావిడ నావైపు చూసి, "ఆయమ్మ ఏటంటంది తల్లీ?" అని అడిగింది.

"ఉప్పూ కారం వేస్తే తినదట. వాళ్ళింట్లో అయితే పంచదార అద్దుకుంటారట. వచ్చినప్పటి నుంచి మేం ఆవిడ నాలుక కాల్చేశామట, ఇవాళైనా వదలమంటోంది."

పళ్ళావిడ కత్తి ఆపింది. "ఓలమ్మ! అన్ని మాటలు అన్నాదా? నీకెలగ తెలిసినాదమ్మా? నువ్వూ ఆల దేశపుదానివేనా?"

"కాదు, మాది పద్మనాభం."

"అక్కడ ఈ బాస ఎవుల్నేర్పినారు నీకు?"

మాసి అన్నది విన్నాను, చెప్పాను. మధ్యలో కూడబలుక్కోలేదు. అప్పుడు తట్టింది నాకు, కప్పస్తంభం దగ్గర శ్యామలి అన్నది కూడా బెంగాలీయే. నాకు మాత్రం ఒక్క బెంగాలీ మాటా గుర్తులేదు. పక్కింటమ్మాయి మన మాటల్లో చెప్పుకున్నట్టు అంతా తెలుగులోనే గుర్తుంది. ఏడాదిగా ఎదురుచూసింది నా పక్క నుంచి నడిచి వెళ్ళిపోయింది, నేను దాని మొహం కూడా చూడలేదు. సంతోషించాల్సిన సంగతే. మెట్టు మీద కూర్చుండిపోయాను. ఈ పిల్ల నాకోసం మాటలు నలిపి నలిపి చిన్నవి చేసి పెట్టింది. అవి తింటూ నేను కడుపు నింపుకున్నాను. పెట్టిన మనిషి పస్తున్న సంగతి నాకు తెలియలేదు.

శ్యామలి నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "ఏమైంది మా?"

"భాలో" అన్నాను. ఆ ఒక్క మాటలో ఎన్ని పడతాయో అప్పుడు తెలిసింది.

కిందికి వచ్చి ఊళ్ళోకెళ్ళే బస్సు కోసం చెట్టు కింద కూర్చున్నాం. గుళ్ళో కోరుకున్నది ఒకరిది ఇంకొకరు పైకి అనకూడదు. విన్నానని చెబితే ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోతుంది. అందుకని ఇన్నాళ్ళూ నేను పక్కన పెట్టిన ఆచారాన్నే బయటికి తీశాను. నాకొచ్చిన బెంగాలీ అంతా పోగుచేసుకుని మాసితో చెప్పాను. వచ్చే వారం ఆషాఢం. మొదటి ఆషాఢంలో కోడలు అత్తగారి దగ్గర ఉండకూడదు. రేపు మీతో తీసుకెళ్ళండి.

మాసి పాన్ నమలటం ఆపింది. "మొగుడు ఓడ మీదున్నాడు కదా, ఇంకా ఆషాఢం ఎవరికి? మీ వీధిలో అందరూ అక్కర్లేదన్నారని శ్యామలే చెప్పిందే!"

"వీధి వాళ్ళ మాట వేరు. ఇది అత్తాకోడళ్ళ గడప సంగతి. నేను పాటిస్తాను."

"నెల తర్వాత ఎవరు తీసుకొస్తారు? మాకు మగదిక్కు లేదు. అల్లుడు వచ్చాకే వస్తుంది మరి."

ఇదే నేను భయపడిన మాట. "సరే" అన్నాను. "తుమి జావ్. మాయేర్ కాఛే జావ్" అని శ్యామలితో అన్నాను. నువ్వు వెళ్ళు, మీ అమ్మ దగ్గరికి వెళ్ళు అని.

మాసి నా చేతి మీద చిన్న దెబ్బ వేసింది. వెళ్ళేవాళ్ళని జావ్ అనకూడదట. ఏషో అనాలట. అంటే రా అని. "మీలో పొమ్మంటారా?" అని కోప్పడింది. "మాలోనూ అనం, వెళ్ళిరా అంటాం" అన్నాను.

శ్యామలి నా మొహంలోకి చూస్తోంది. "మరి నువ్వు?" అంది.

"నాకు ఫాతిమాబీ ఉంది."

అప్పుడా పిల్ల మాట్లాడటం మొదలుపెట్టింది. విడదీసి కాదు, మెల్లగా కాదు. వాళ్ళమ్మతో మాట్లాడినట్టు, ఊపిరి తీసుకోకుండా, చేతులు తిప్పుతూ, మధ్యలో ఏడుస్తూ, మధ్యలో నవ్వుతూ. వంటింటి అటక మీద ఏది ఎక్కడుందో, బట్టలు ఆరేస్తే ధూళి ఏ గాలికి వస్తుందో, దేనికో నేను భయపడకూడదని, ఎవరో ఏదో అన్నారని. నాతో అలా మాట్లాడటం అదే మొదలు. సగమే అందింది. ఆపమనలేదు, మళ్ళీ చెప్పమనలేదు. బస్సు వచ్చేదాకా వింటూ కూర్చున్నాను.

మర్నాడు సాయంత్రం వాల్తేరు స్టేషన్లో హౌరా రైలు ఎక్కించాను. రిజర్వేషన్ లేకపోయినా ఆడవాళ్ళ పెట్టెలో చోటు దొరికింది. గంట ముందు వెళ్ళటం మంచిది. రైలు కదిలేటప్పుడు మర్చిపోకుండా "ఏషో" అన్నాను. మాసి కిటికీలోంచి చెయ్యెత్తి, నేను సరిగ్గా అన్నానని తలూపింది. శ్యామలి తల వంచుకునే ఉంది.

ఇప్పుడు శ్రావణం వచ్చింది. ఓడ రాలేదు. సాయంత్రాలు హార్బరు కూత వేస్తే డాబా మీద బట్టలు తీసే మనిషి కోసం అలవాటుగా తలెత్తుతాను. మొన్న ఫాతిమాబీ వస్తే పీట వేసి "బోషో" అన్నాను. కూర్చో అని. ఆవిడ నిలబడే, "ఏటీ?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. బెంగాలీ ఇప్పుడు నాకు ముందుకంటే బాగా వస్తోంది. పని చేసుకుంటుంటే పూర్తి వాక్యాలు లోపల వాటంతటవే తయారవుతున్నాయి, పెద్దపెద్దవి. దీపం పెట్టేటప్పుడు వాటిలో ఒకటి రెండు స్వామికి చెప్పి, మిగతావి దాచుకుంటున్నాను. శ్యామలి వచ్చాక, ఆ పిల్ల ఇంక నాకోసం మాటలు చిన్నవి చెయ్యనక్కర్లేదు.

సింహాచలం వెళ్ళేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. కప్పస్తంభం దగ్గర వరసలో ఉన్నప్పుడు, ముందున్న మనిషికి రెండడుగులు ఎడం ఇచ్చి నిలబడండి. వాళ్ళ భాష మీకు రాదనుకున్నా సరే.